టూల్‌రూమ్ కొక్కేనికి తగిలించిన బిళ్ల

నన్ను ఇంతదూరం మోసుకొచ్చిన ప్రభువుకు స్తోత్రం.

డిప్లొమా చదువుతూ ఖరగ్‌పూర్ రైల్వే షెడ్డులో ట్రైనింగు చేశాను. అక్కడి టూల్‌రూమ్ పెద్దాయన "ముందు బిళ్లెట్టు" అనకుండా, ఫోర్‌మన్‌కైనా పనిముట్టు ఇచ్చేవారు కాదు. తీసుకున్నవారి నంబరు బిళ్ల, పనిముట్టు తిరిగొచ్చేదాకా దాని కొక్కేనికి వేలాడేది.

ఆఖరి రోజు నేను తీసుకున్న కొలత గేజీ పోయింది. అది తిరిగివ్వకపోతే సర్టిఫికెట్ రాదు. వెళ్లి పెద్దాయనకు చెప్పాను. ఆయన కొక్కేనికున్న నా ఇత్తడి బిళ్ల నాకిచ్చి, అక్కడ తన బిళ్ల తగిలించారు.

"గేజీ నాకాడే పోయినాది. నువ్వెల్లు."

"మీకు మెమో ఇస్తారు కదా, మామయ్యా?"

"నాకేటి, సర్టిఫికెట్టు కావాలా?"

మెమో ఆయనకే వచ్చిందని తర్వాత విన్నాను. అయినా నేను వెళ్లి నిజం చెప్పలేదు. సిలువ మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను గాని, మా చర్చి గుమ్మం తొక్కని ఆయన దగ్గరే అది నాకు అర్థమైంది. ఆయన ఇంటివారి కోసం, నా కోసం నాతోపాటు ప్రార్థించండి.