నేను మాయం చేసిన మధ్యాహ్నం బడి

ముందే చెప్తున్నా, మధ్యలో ఎవరైనా నవ్వితే టీ కప్పు లాగేసుకుంటా. నిన్న నాకు జరిగిన సన్మానం గురించి చెప్పాలంటే, దానికి ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. ఏం చేశానో తెలుసా? ఒక బడిని మాయం చేశాను. నిజమండీ! బిల్డింగు అక్కడే ఉంది, పిల్లలు అక్కడే ఉన్నారు, ప్రిన్సిపాల్ గారు ఆయన కుర్చీలోనే ఉన్నారు. బడి మాత్రం లేదు.

నోయిడా ఆఫీసులో నాది డేటా పని అని మీకు తెలుసుగా. ఈసారి మా కంపెనీ వాళ్లకి ఓ మంచి ఆలోచన వచ్చింది. తూర్పు ఢిల్లీలో ఓ పదిహేను గవర్నమెంటు స్కూళ్ల వివరాలు తెప్పించి, వాటిలో ఎక్కడ అవసరం ఎక్కువగా ఉంటే అక్కడికి ఏడాదిపాటు ఒక మ్యాథ్స్ టీచర్ని పంపిద్దాం, జీతం మనమే ఇద్దాం అని. ఆడపిల్లలెంతమంది, మగపిల్లలెంతమంది, ఎంతమంది టీచర్లు, ఎన్ని పోస్టులు ఖాళీ, ఏ స్కూల్‌కి ఏం వస్తోంది, అన్నీ ఒక పెద్ద షీట్. మా మేనేజర్ నిధి ఆ షీట్ నాకు పంపించి, "మాధవీ, నీకు క్యూరియాసిటీ ఎక్కువ కదా, ఇది నువ్వే చూడు" అంది.

ఎక్కువే మరి. లిఫ్ట్‌లో ఎవరి చేతిలో క్యారేజీ కనిపించినా లోపలేముందో తెలిసేదాకా నాకు మనశ్శాంతి ఉండదు. మా ఆయన రవి దీన్ని జబ్బు అంటాడు. నేను వృత్తి నైపుణ్యం అంటాను.

సరే, షీట్ తెరిచా. డేటా వాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఏ షీట్ వచ్చినా ముందు శుభ్రం చేస్తాం. కూరలు కడిగినట్టే, చూడక్కర్లేదు, చేతులే చేసుకుపోతాయి. కాలమ్స్ ఎక్కువై స్క్రీన్‌లో పట్టట్లేదని కుడివైపు చివర ఉన్న ఒకటి రెండు దాచేశా. తర్వాత, రెండుసార్లు ఎక్కిన పేర్లు తీసేసే బటన్ నొక్కా. ఒకే పేరు, ఒకే అడ్రస్, ఒకే పిన్‌కోడ్ ఉన్న వరుస ఒకటి దొరికిందట, తీసేసిందట. "గుడ్" అనుకుని కాఫీకి వెళ్లిపోయా.

అసలు కథ కాఫీ తర్వాత మొదలైంది. మధ్యాహ్న భోజనాల లెక్క వేరే షీట్‌లో వచ్చింది. వంటశాల వాళ్లు పంపింది, బిల్డింగుల వారీగా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక స్కూల్లో లెక్క ప్రకారం అందరూ ఆడపిల్లలే, వాళ్లు ఎంతమందో, భోజనాలు దానికి రెట్టింపు!

ఒక్కో పిల్ల ఇద్దరి భోజనం తింటోందా? మళ్లీ కూడి చూశా. మళ్లీ అదే.

ఇంటికొచ్చి రవికి చెప్పా. "అంత అన్నం ఎవరు తింటున్నారంటావ్?"

"నీకెందుకే? అది నీ షీట్ కాదుగా."

"స్కామ్ అయితే?"

"స్కామ్ అయితే నీకు చెప్పి చేస్తారా? పప్పు మాడుతోంది చూడు."

పప్పు మాడిపోయింది. నా బుర్ర మాత్రం ఆ స్కూల్ చుట్టూనే తిరుగుతోంది. పొద్దున్నే నిధికి చెప్తే, "రుజువు లేకుండా ఎవరి మీదా మాట పడనివ్వకు. శుక్రవారం లిస్ట్ కమిటీకి వెళ్తుంది, ఈలోపు కనుక్కో" అంది. ఆ మాట చాలదూ నాకు! ఆ స్కూల్ మా ఇంటి నుంచి మెట్రోలో మూడు స్టేషన్లే. గురువారం హాఫ్ డే పెట్టి, పాత చుడీదార్ వేసుకుని, సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని బయల్దేరా. గుర్తుపట్టకూడదని నల్ల కళ్లద్దాలు కూడా పెట్టుకున్నా. అసలు నన్నక్కడ ఎవరు గుర్తుపడతారని?

గేటుకి ఎదురుగా ఛోలే కుల్చే బండి ఉంది. ఒక ప్లేట్ చెప్పి నిలబడ్డా. పన్నెండున్నరకి బెల్ మోగింది. రెండు జడలు, రిబ్బన్లు, ఆడపిల్లలందరూ బిలబిలా బయటికి వచ్చేశారు. ఇంకో గేటు దగ్గర చూస్తే మగపిల్లలు! గుంపులు గుంపులుగా లోపలికి పోతున్నారు. వాళ్ల వెనకే వ్యాన్ వచ్చింది, స్టీలు డ్రమ్ములు దిగుతున్నాయి, పోపు వాసన రోడ్డు దాకా కొడుతోంది.

దొరికారు! ఆడపిల్లల బడిలోకి బయటి మగపిల్లల్ని తెచ్చి అన్నాలు పెడుతున్నారు!

కుల్చే అక్కడే వదిలేసి పరుగున వెళ్లి ఆ గుంపులో దూరా. ఆ యూనిఫారాల మధ్య నల్ల కళ్లద్దాల ఆంటీ ఒకత్తే అయితే గార్డుకి కనపడకుండా ఉంటుందా? "ఓ మేడమ్, కిధర్?" అన్నాడు. నేనూ అంతే గట్టిగా "ప్రిన్సిపాల్ కే పాస్" అన్నా. తీసుకెళ్లి ప్రిన్సిపాల్ గదిలో కూర్చోబెట్టాడు.

గదిలో ఒకే బల్ల, కానీ బీరువాలు రెండు, హాజరు పట్టీల దొంతరలు రెండు, గోడకి టైమ్‌టేబుళ్లు రెండు. అప్పుడైనా నాకు తట్టాలి కదా! తట్టలేదు. సన్నగా, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒకాయన వచ్చి కూర్చున్నారు.

"ప్రిన్సిపాల్ మేడమ్ ఎక్కడ?" అన్నాను హిందీలో, గట్టిగానే.

"ఆవిడ ఇంటికి వెళ్లిపోయారు. ఇప్పుడు నేనే ప్రిన్సిపాల్ని."

"ఇప్పుడంటే?"

"ఇప్పుడంటే ఇప్పుడే మేడమ్. ఒంటిగంట నుంచి."

ఇదేదో పెద్ద ముఠాలా ఉందనుకున్నా. ల్యాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టా. "చూడండి సర్, మా రికార్డుల్లో ఈ అడ్రస్‌లో ఆడపిల్లల బడి మాత్రమే ఉంది. ఈ మగపిల్లలంతా ఎవరు?"

ఆయన కోపం తెచ్చుకోలేదు. నాకో గ్లాసు నీళ్లు జరిపి, కళ్లజోడు పెట్టుకుని, లిస్ట్ పైనుంచి కిందికి చూశారు. మళ్లీ చూశారు. ఒక్కో పేరు మీద వేలు పెట్టి మూడోసారి చూశారు. అప్పుడు చాలా నెమ్మదిగా అడిగారు. "మేడమ్, హమారా స్కూల్ కహాఁ హై?"

మా బడి ఎక్కడ అని!

ఆయనే చెప్పారు. ఢిల్లీలో చాలా బిల్డింగుల్లో ఇలాగే రెండు బళ్లట. పొద్దున ఆడపిల్లలకి ఒకటి, మధ్యాహ్నం మగపిల్లలకి ఇంకొకటి. టీచర్లు వేరు, ప్రిన్సిపాల్ వేరు, రిజిస్టర్లు వేరు. బెంచీలు మాత్రం ఒకటే. ఎనిమిదేళ్ల నుంచి ఈ ఊళ్లో ఉంటున్నా, నాకీ సంగతి తెలీదు! మా తెనాల్లో పొద్దున మొదలైన బడి సాయంత్రం దాకా అదే బడి మరి.

నేను దాచేసిన కాలమ్స్ తెరిచా. ఉంది. "షిఫ్ట్" అని శుభ్రంగా రాసుంది. అది చూడకుండా రెండు బళ్లనీ ఒకటే అనుకుని ఒకదాన్ని తీసేశానన్నమాట.

"పదో క్లాసుకి పోయినేడాది నుంచి మ్యాథ్స్ టీచర్ లేడు మేడమ్" అన్నారాయన. "మీ కంపెనీ ఫారం నేనే కూర్చుని నింపాను. ఈసారి వస్తాడని పిల్లలకి కూడా చెప్పాను."

సిగ్గుతో చచ్చిపోయానంటే నమ్మండి. స్కామ్ పట్టుకుందామని వెళ్లినదాన్ని, ఆ పిల్లల టీచర్ని ఒక్క బటన్‌తో ఎగరగొట్టిందాన్ని నేనే. అక్కడి నుంచే నిధికి ఫోన్ చేసి మొత్తం చెప్పా. "వెంటనే తిరిగి పెట్టు, మళ్లీ లెక్క తియ్" అంది. పెట్టా. ఆ బడి లిస్ట్‌లో మొదటికి వచ్చి కూర్చుంది. శుక్రవారం కమిటీ ఒప్పుకుంది కూడా. కాకపోతే ఒక షరతు. మా కంపెనీ హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చి, నిజంగానే టీచర్ లేడని కళ్లారా చూసుకుని సంతకం పెట్టాలి. ఆవిడ వచ్చేసరికి రెండు వారాలు.

"అప్పటిదాకా మేడమ్" అన్నారు ప్రిన్సిపాల్ గారు ఫోన్‌లో, "మీకు లెక్కలొచ్చుగా?"

తప్పు చేసినవాళ్లకి నోరుంటుందా? "హా జీ" అనేశా.

వారానికి రెండు మధ్యాహ్నాలు, పదో క్లాసు. అయ్యో, నా అవస్థ ఏం చెప్పను! చేత్తో లెక్క చేసి ఎన్నేళ్లయిందో. బోర్డు ముందు నిలబడితే ఎక్సెల్ గుర్తొస్తోంది తప్ప సూత్రం గుర్తురావట్లేదు. వర్గ సమీకరణాన్ని హిందీలో ఏమంటారో పిల్లలే చెప్పారు. మొదటిరోజు మైనస్ గుర్తు మర్చిపోయా, క్లాసంతా "దీదీ, మైనస్!" అని అరిచింది. రెండోరోజు నేను సుద్దముక్క ఎత్తగానే ముందే "మైనస్" అన్నారు, ఎందుకైనా మంచిదని. "దీదీ, అసలీ ఎక్స్ విలువ కనుక్కుని ఏం చేస్తారు?" అని అడిగారు. అది నాకూ తెలుసుకోవాలనే ఉంది, అందరం కలిసి ఓ అరగంట మాట్లాడుకున్నాం. సిలబస్ కదల్లేదు.

ఇక నిన్న. నేను బోర్డు మీద సగం లెక్కలో ఉన్నా. చెప్పాపెట్టకుండా తలుపు తెరుచుకుంది. హెడ్డాఫీసు ఆవిడ! చేతిలో ఫారం, పెన్ను. వెనక ప్రిన్సిపాల్ గారు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నాకు అప్పుడు వెలిగింది. టీచర్ లేని క్లాసు చూడటానికి వచ్చిందావిడ. ఇక్కడ చూస్తే బోర్డు నిండా లెక్కలు, ముందు సుద్దముక్కతో నేను! టీచర్ ఉన్నాడని టిక్కు పెట్టి వెళ్లిపోతే? మాయం చేసి ఒకసారి చెడగొట్టా, పాఠం చెప్పి రెండోసారి చెడగొట్టబోతున్నా. నేను టీచర్ని కాదని చెబుదామని సుద్దముక్క కింద పెట్టా.

ఆవిడ నన్ను పట్టించుకోకుండా పిల్లలవైపు తిరిగింది. "బచ్చో, మీకు మ్యాథ్స్ టీచర్ ఉన్నారా?"

క్లాసంతా ఒకే గొంతుతో, కిటికీలు అదిరేలా: "నహీఁ హై మేడమ్!"

లేరట! ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా ఆలోచించలేదు!

ఆవిడ అనుమానంగా నన్ను చూపించి, మరి ఈవిడెవరని అడిగింది. "తో యే కౌన్ హై?"

మొదటి బెంచీ మొత్తం లేచి నిలబడింది. "యే డేటా వాలీ దీదీ హై, మేడమ్. ఇన్‌కో హమ్ సిఖా రహే హైఁ."

ఈవిడ డేటా అక్క, ఈవిడకి మేమే నేర్పిస్తున్నాం అని! ఎంత ప్రేమగా చెప్పారో, ఎంత గర్వంగా చెప్పారో!

ఆవిడ ఒకసారి బోర్డు వైపు చూసింది. మైనస్ ఎగిరిపోయిన నా లెక్క వైపు చూసింది. ఇంకో ప్రశ్న వేయలేదు, "పోస్టు ఖాళీ" అని రాసి అక్కడికక్కడే సంతకం పెట్టేసింది. సోమవారం అసలు టీచర్ వస్తున్నాడు. నవ్వండి, ఇప్పుడు నవ్వండి, కప్పు లాక్కోను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని చార్టులు వేశానో, ఎన్ని రిపోర్టులు పంపానో, నేను చూపించిన ఏ రుజువునీ ఎవరూ ఇంత తొందరగా నమ్మలేదు.