కొండ దిగాకే సంతకం

నందిని గ్యారేజీ సూపర్వైజరుగా చేరిన రోజు సుందరరాజు ఆమె ముఖం చూడలేదు. బస్సు కింద గోతిలో నిలబడి పని చేసుకుంటూ ఆమె చెప్పులు మాత్రం చూశాడు. "కొత్త మ్యాడమా? ఆ నూనె మీద కాలు పెట్టొద్దమ్మా, జారతాది" అన్నాడు. ఆ తర్వాత మూడు నెలల పాటు అంతకన్నా పొడుగు మాట ఆయన నోటి నుంచి రాలేదు.

నందినిది పాకాల. వాళ్ళ నాయన రైల్వే స్టేషను ఎదురుగా లారీలకు పంచర్లు వేసేవాడు. ఆడపిల్ల ఆ మసిలో కూర్చోవడమేమిటని చుట్టాలు మూతులు తిప్పుతుంటే, ఈమె అక్కడే కూర్చుని హోంవర్కు చేసుకుంది, పాలిటెక్నిక్ చదివింది, పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళకే తిరుపతిలో కొండ బస్సుల గ్యారేజీ ఆమె చేతికొచ్చింది. కింద ఏడుగురు మెకానిక్కులు. అందులో సుందరరాజు ఆమె పుట్టకముందే స్పానరు పట్టినవాడు.

ఘాటు రోడ్డు బ్రేకుల విషయంలో ఆయనకు సాటి లేరు. ఆ సంగతి ఆయన్ని తిట్టుకునేవాళ్ళు కూడా ఒప్పుకుంటారు. మనిషితో వేగడం మాత్రం ఎవరి తరమూ కాదు. పొద్దున్నే అందరూ నిలబడి ఆ రోజు పనులు పంచుకునేటప్పుడు రాడు. పక్కవాడికి ఒక్క ముక్క చెప్పడు. జాబు కార్డులో 'పని పూర్తయింది' అన్న గడిలో సంతకం పెట్టడు. అడిగితే "సూస్తాం లేమ్మా" అంటాడు. ఆ ఖాళీ గడి పక్కన సూపర్వైజరుగా తన సంతకం పెట్టి బండిని బయటికి పంపుతున్నప్పుడల్లా అది తిరిగొచ్చేదాకా నందిని గేటు వైపే చూస్తుండేది.

ఇవన్నీ సర్దుకోవచ్చు. ఇంకొకరు బిగించిన చక్రాన్ని వాళ్ళకు చెప్పకుండా విప్పి మళ్ళీ బిగించడమే సర్దుకోలేనిది. ఒకసారి మునికుమార్ చేసిన బండికి అలాగే చేశాడు. మునికుమార్‌కు ముప్పై ఏళ్ళు, పనిమంతుడు, కోపం ముక్కు మీదే ఉంటుంది. స్పానరు నేలకేసి కొట్టి, "ఆయనొక్కడే మెకానిక్కైతే మేమంతా ఏంటికి మ్యాడమ్ ఈడ" అని బయటికి వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు టీకి పోతున్నట్టు ఒక్కొక్కరే అతని వెనకే నడిచారు.

సంగతి డిపో మేనేజరు రఘునాథ్ దాకా వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "బ్రహ్మోత్సవాలు పదిహేను రోజుల్లో ఉన్నాయి. ముప్పై ఆరు బండ్లకు బ్రేకులు కొత్తగా చెయ్యాల. ఆయన మీద ఒక రిపోర్టు రాసియ్యమ్మా, వేరే డిపోకు పంపించేస్తా" అన్నాడు.

రాస్తే గ్యారేజీకి ఉన్న అంత మంచి చెయ్యి పోతుంది. రాయకపోతే మిగిలిన ఆరుగురూ చేతులు ముడుచుకుంటారు. నందిని రెండు రోజులు గడువు అడిగింది.

గడువు తీసుకున్న మనిషి ఆలోచించాలి కదా, ఈమెకు ముందు కోపం వచ్చింది. సుందరరాజు మధ్యాహ్నం పూట రెండు గంటలు ఎటో మాయమైపోతాడు. ఆ రోజూ అలాగే మాయమయ్యాడు. నందిని హాజరు పుస్తకంలో సగం రోజు గైర్హాజరు వేసి, ఆయన తిరిగొచ్చాక అందరి ముందూ చదివింది. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు, గోతిలోకి దిగి తన పని తను చేసుకున్నాడు. మునికుమార్ ముసిముసిగా నవ్వాడు. గెలిచానని నందిని అనుకుంది.

సాయంత్రం డ్రైవరు బాలచంద్ర బండి అప్పగించడానికి వచ్చి, మాటల్లో అన్నాడు. "పెద్దాయనకు గైర్హాజరు వేసినారంట కదమ్మా. మద్యానం ఆయప్ప మా బండ్లోనే కదా ఉండేది. బ్రేకులు చేసిన బండి ఏదైనా సరే, మొదటి ట్రిప్పు పైకి పొయ్యి కిందికి దిగితేనే ఆయనకు మనసు నిలబడేది."

నందిని ముఖం వేడెక్కింది. మర్నాడు మధ్యాహ్నం ఆయన ఎక్కిన బస్సే ఆమె కూడా ఎక్కింది. సుందరరాజు ఇంజను పెట్టె పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి కొంచెం జరిగాడు. కొండెక్కేటప్పుడు కునుకు తీశాడు. దిగేటప్పుడు మాత్రం వంగి, అరచెయ్యి బస్సు నేల మీద ఆనించి కూర్చున్నాడు. మోకాళ్ళ మెట్టు దగ్గర మలుపులు తిరుగుతుంటే కళ్ళు మూసుకున్నాడు. పక్క సీటాయన ఈయనకు కళ్ళు తిరుగుతున్నాయనుకుని నిమ్మకాయ అందించాడు.

కొండ కింద అలిపిరిలో బస్సు ఆగగానే సుందరరాజు దిగి, ఒక్కో చక్రం దగ్గర వంగి లోపలి బ్రేకు డ్రమ్ము దగ్గరగా మునివేళ్ళ వెనక భాగం పెట్టి చూశాడు. పసిబిడ్డ జ్వరం చూసినట్టు చూశాడు. తర్వాత నందిని వైపు తిరిగి, "ఎనక ఎడమది సూడమ్మా" అన్నాడు. ఆమె చెయ్యి పెట్టి చూసింది. మిగిలిన మూడింటికన్నా వేడిగా ఉంది.

"ఈ చక్రాన్ని బ్రేకు వదలాల్సినంత వదల్లేదు. దీంతో ఇప్పుడు పెమాదమేం లేదు. కానీ నెల ఆడాల్సిన లైనరు పది దినాలకే అరిగిపోతాది. గ్యారేజీ ఆవరణలో నూరుసార్లు బ్రేకు తొక్కినా ఇది తెల్దు. కొండ దిగాల, డ్రమ్ములు కాలాల, నాలుగూ ఒకే వేడి ఉండాల. అంతదాకా పనైనట్టో కానట్టో నాకే తెల్నప్పుడు సంతకం ఎట్ల పెట్టేదమ్మా?"

"గైర్హాజరు వేసింది నా తప్పు అన్నా. అందరి ముందర వేసినాను, అందరి ముందరే కొట్టేస్తాను" అంది నందిని. అక్కడితో ఆగివుంటే ఆయన సంతోషించేవాడు. ఈమె ఆగలేదు. "మీదీ తప్పు ఉండాది. మునికుమార్ చక్రం ఎక్కువ కాలిందని మీకు ఈడ తెలిసింది. వానికి చెప్పినారా? విప్పేసినారు. వాడు మళ్ళా అదే తప్పు చేస్తాడు. రెండేండ్లలో మీరు రిటైరైపోతే ఈ చెయ్యి మీతోనే పోతాది. తర్వాత ఎవరి బండ్లో దిగాల జనం?"

సుందరరాజు వేళ్ళకంటిన మసిని గుడ్డతో తుడుచుకున్నాడు. చివరికి, "నాకు చెప్పడం రాదమ్మా. చెప్పబోతే తిట్టు మాదిరి వస్తాది" అన్నాడు. మూడు నెలలుగా పొగరనుకున్నది ఇదా అని నందినికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. "చెప్పొద్దు. వాని చెయ్యి ఆడ పెట్టించండి చాలు" అంది.

ఆ సాయంత్రమే హాజరు పుస్తకంలో తను వేసిన గుర్తును అందరి ముందు కొట్టేసింది. జాబు కార్డులో మెకానిక్కు సంతకం గడిని కిందికి జరిపి, పైన 'అలిపిరిలో చూశాక' అని రాసింది. బ్రేకు చేసిన ప్రతివాడూ ఆ బండిలోనే కొండ దిగాలి, చెయ్యి పెట్టి చూసుకున్నాకే సంతకం. మేనేజరుకు రిపోర్టు బదులు ఆ కార్డు పట్టుకెళ్ళి ఇచ్చింది. "పని రోజుల్లో రెండు గంటలు బస్సులో షికారా" అని ఆయన విసుక్కున్నాడు. "ఐదు రోజులు చూడండి సార్. బండ్లు వెనక్కి పడితే ఆయన మీద కాదు, నా మీద రాసుకోండి" అంది.

మొదటి రోజు మునికుమార్ ముఖం మాడ్చుకుని ఎక్కాడు. అలిపిరిలో సుందరరాజు అతని మణికట్టు పట్టుకుని ముందు కుడి చక్రం దగ్గర పెట్టాడు, వెంటనే ఎడమ దాని దగ్గర పెట్టాడు. మాట లేదు. మునికుమార్ గ్యారేజీకి వచ్చి ఎవరూ చెప్పకుండానే తన చక్రం తనే విప్పుకున్నాడు. నాలుగో రోజుకు మెకానిక్కులు టీ దగ్గర ఎవరి డ్రమ్ములు ఎంత సమంగా కాలాయో చెప్పుకుని గొప్పలు పోతున్నారు. ఒకసారి సర్దిన బండి మళ్ళీ రిపేరుకు రావడం తగ్గేసరికి పోయిన గంటలు తిరిగొచ్చాయి. బ్రహ్మోత్సవాలకు రెండు రోజుల ముందే ముప్పై ఆరో బండి కూడా సిద్ధమైంది. మేనేజరు రఘునాథ్ రిపోర్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

నెల తర్వాత సుందరరాజు సెలవు పెట్టి, భార్య తిరుమలమ్మతో దర్శనానికి వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఎక్కిన బస్సుకు బ్రేకులు చేసింది మునికుమార్, ఒక్కడే చేశాడు. పరీక్ష చూడటానికి అతనితో పాటు నందినీ ఉంది. ఇంజను పెట్టె పక్కన కూర్చున్న మునికుమార్ వెనక సీట్లోని పెద్దాయన వైపు తిరగలేక, తిరగకుండా ఉండలేక దారి పొడుగునా అవస్థ పడ్డాడు. అలిపిరిలో దిగి చక్రాలన్నీ చూసి, "అన్నీ సమంగా ఉండాయి" అని, తర్వాత గొంతు తగ్గించి, "పెద్దాయన ఏమన్నా అన్నాడా మ్యాడమ్?" అని అడిగాడు.

నందిని కిటికీ వైపు చూపించింది. నున్నటి గుండు మీద చందనంతో, సుందరరాజు నోరు తెరుచుకుని భార్య భుజం మీద నిద్రపోతున్నాడు. తిరుమలమ్మ ఒళ్ళో లడ్డూల సంచి సర్దుకుంటూ, భుజం కదలకుండా, కిటికీలోంచి మెల్లగా చెప్పింది.

"లేపొద్దు నాయనా. పెండ్లయినకాడ నించి చూస్తాండా, కొండ దిగేటప్పుడు ఈయప్ప కన్ను మూసి నిద్రపోవడం ఇదే మొదలు."

మునికుమార్ తల వంచుకుని షర్టు చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. నందినికి గర్వంగా అనిపించింది. తన గ్యారేజీకి ఇంతకన్నా పెద్ద మెప్పు ఎక్కడా దొరకదని ఆమెకు తెలుసు. బస్సెక్కి, "బస్టాండు దాకా నిదానంగా పోనీ అన్నా" అని డ్రైవరుకు చెప్పింది.