తెర అవతలి చప్పుడు

"అందుకే గుడ్డ పెట్టకుండా మిషను ఉత్తినే తొక్కేదాన్ని. తెర లోపల ఎవరన్నా ఏడ్చినా బయటికి వినబడకూడదు కదా," అంది మిషనక్క, తన సంగతి వినడానికి పైఊరినుంచి వచ్చినవాళ్లతో, దారం కొన తడిచేసి సూదిలోకి ఎక్కిస్తూ.

బట్టలు కుడుతుంది కాబట్టి ఊళ్లో చిన్నాపెద్దా అందరికీ ఆమె మిషనక్కే. ముందుగదిలో కాలిమిషను, మూలన కొత్త బట్టలు తొడిగి చూసుకోవడానికి ఒక తెర, తెర వెనక ఒక స్టూలు. అంతే ఆమె దుకాణం.

ఇంట్లోనే చేసుకునే హెచ్‌ఐవి పరీక్ష పెట్టెల్ని ఆరోగ్యకేంద్రం నర్సమ్మ పంచినప్పుడు ఆడవాళ్లు కాదనకుండా తీసుకున్నారు. కొన్నాళ్లకు విప్పకుండానే తిరిగిచ్చేశారు. ఇంట్లో చేసుకోమంటే ఎక్కడ చేసుకుంటారు? ఉన్నదే ఒక గది. పొయ్యి దగ్గర అత్త, గుమ్మంలో మామ, కాళ్లకు అడ్డంపడే పిల్లలు. వేలు గుచ్చుకుని ఇరవై నిమిషాలు గీత కోసం చూస్తూ కూర్చుంటే ఎవరు ఊరుకుంటారు? ఆడది చాటుకు వెళ్తే ఎందుకని ఎవరూ అడగని చోటు ఊరు మొత్తానికి మిషనక్క తెర ఒక్కటే. ఆ సంగతి నర్సమ్మకు ఆమే చెప్పింది. అప్పటినుంచి పెట్టెలు ముక్కగుడ్డల సంచి అడుక్కి చేరాయి.

అయితే ఇల్లు మిషనక్క అత్తది. మిషనూ అత్త కొన్నదే. ఆమె కొడుకు, అంటే మిషనక్క మొగుడు, దూరాభారం పనులకు తిరిగి తిరిగి, ఎముకల గూడై ఇంటికొచ్చి ఈ గదిలోనే పోయాడు. కామెర్లన్నారు. అత్త ఆ మాటకు తాళం వేసేసింది. మిషనక్కా దాని జోలికి పోలేదు. తాను పరీక్ష చేసుకుని, అది కాస్తా ఉందని తేలితే, చచ్చిన కొడుకు పరువు తీశావని ముసలామె బయటికి నెడితే? నిలువ నీడ ఉండదు. అందుకే నలుగురికీ తెర ఎత్తిపట్టిందే తప్ప తాను మాత్రం పెట్టె ముట్టుకోలేదు.

పాలకేంద్రంలో పనిచేసే కొత్తపెళ్లికూతురొకతె ఒకరోజు తెర వెనక్కి వెళ్లి నవ్వుతూ బయటికొచ్చింది.

"రెండు గీతలొచ్చాయక్కా!"

కడుపు పరీక్షలో రెండు గీతలంటే శుభవార్త. ఆ పిల్లకు తెలిసింది అదొక్కటే. మిషనక్క చెయ్యి పట్టుకు కూర్చోబెట్టి, ఇది ఆ పరీక్ష కాదని, ఇక్కడ రెండు గీతలొస్తే ఆసుపత్రిలో మళ్లీ రక్తం చూపించుకుని తేల్చుకోవాలని, ఉన్నా రోజూ మాత్రలు వేసుకుంటే అందరిలాగే బతకొచ్చని నర్సమ్మ నేర్పిన మాటలన్నీ కూడదీసుకుని చెప్పింది. తెలుసుకోవడమే మంచిదమ్మా అని కూడా అంది. ఆ పిల్ల తల ఎత్తకుండానే అడిగింది.

"నువ్వు చేసుకున్నావా అక్కా?"

ఇన్నాళ్లూ ఊరికి పంచిన ధైర్యమంతా అరువు సరుకని మిషనక్కకు అప్పుడు తెలిసొచ్చింది.

నర్సమ్మ ఆ పిల్లను వెంటబెట్టుకుని పట్నం వెళ్లిన రోజే మిషనక్క కూడా తెర వెనక్కి వెళ్లింది. వేలు గుచ్చుకుంది, చుక్క వేసింది, స్టూలు మీద కూలబడింది. ఇంతలో జాకెట్ల కోసం ఇద్దరు ఆడవాళ్లు రానే వచ్చారు. కుట్టే మనిషి ఏదని అడుగుతున్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. రెండో గీత సన్నగా తేలడం మొదలైంది. నోరు నొక్కుకున్నా ఏడుపు ఆగేలా లేదు.

సరిగ్గా అప్పుడే మిషను కదిలింది.

తెర నేలదాకా ఉండదు. కింది సందులోంచి చూస్తే పెడలు మీద పగిలిన మడమలు. జన్మలో మిషను ముట్టని అత్త, అడ్డదిడ్డంగా, ఒళ్లంతా ఊగిపోయేలా తొక్కుతోంది. కోడలు కొత్త జాకెట్టు తొడిగి చూసుకుంటోందట, సాయంత్రం రమ్మని వాళ్లను పంపేస్తోంది. వాళ్లు వెళ్లిపోయినా కాళ్లు ఆగలేదు. మిషనక్క కరువుతీరా ఏడ్చింది.

మిషనక్క బయటికొచ్చాక ముసలామె కోడలి ముఖం చూడకుండా అంది. "గుడ్డ మీద ఆడే సూది చప్పుడు వేరు, ఉత్త సూది చప్పుడు వేరు. ఇన్నాళ్లూ నాకు చెవుడనుకున్నావా పిల్లా?" పెడలు మీంచి కాళ్లు తీస్తూ, "వాడిది కామెర్లు కాదని నాకూ తెలుసు. నువ్వు అడిగితే ఏం చెప్పాలా అని భయపడి చచ్చాను," అంది.

ఆసుపత్రిలోనూ ఉందనే తేల్చారు. ఇప్పుడు మాత్రలు గుండీల డబ్బా పక్కనే ఉంటాయి. భోజనం కాగానే అత్త లోపలినుంచి అరుస్తుంది. "మాత్ర మింగావా, గుండీ మింగావా? చూసుకో." ఆ పాలకేంద్రం పిల్ల కూడా మాత్రలు వాడుతోంది, మొన్న మొగుణ్నీ పరీక్షకు పంపింది.

చెప్పాల్సింది అయిపోయినట్టు మిషనక్క మిషను మీద మూత దించింది. విన్నవాళ్లు లేచి చెప్పులు తొడుక్కుంటుంటే వెనక్కి పిలిచింది.

"పట్నం మీదుగానేగా వెళ్లేది? తెరకి కాస్త దళసరి గుడ్డ, ముదురు రంగుది, చూసి పంపండి. మధ్యాహ్నం ఎండ పడితే లోపలి మనిషి నీడ కనిపిస్తోంది. పొడవు మాత్రం నేలదాకా వద్దు. తొక్కే కాళ్లు లోపలికి కనబడాలి."