కిరాయి నోడ్

ఈ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. కాలువ నీళ్ల వంతులు ఒకసారి రాశాక ఎవరూ మార్చలేని యాప్ ఒకటి చేద్దామని, బ్లాక్‌చెయిన్ అనే చెరపలేని పద్దు నకలంతా దాచుకునే కంప్యూటర్ని, అంటే సొంత నోడ్‌ని, మూడు నెలలుగా ఇంట్లో నడుపుతున్నాను. కరెంటు పోయినప్పుడల్లా అది వెనకబడుతుంది. నేను పక్కనే కాపలా.

సాయంత్రం బాన్సువాడ బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, కాలేజీలో నా జూనియర్ సునీత అచ్చం అలాంటి యాప్ చూపించింది. నాలుగు రోజుల్లో చేసిందట!

"నోడ్ ఏడ పెట్టినవ్?" అన్నాను.

"కిరాయికి తీస్కున్న అన్నా. ఆన్‌లైన్ల ఒక కంపెనీ నడుపుతది."

"గట్లైతే గది డీసెంట్రలైజ్డ్ ఎట్లైతది? అంత ఒక్క కంపెనీ చేతులనే ఉన్నట్టు గాదా?"

"మీ రెండెకరాల వరి కొయ్యనీకి కోత మిషన్ కొన్నరా, కిరాయికి తెచ్చిన్రా?"

మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి లేచాను.

ఇంటికొస్తే మా నాన్న అదే యాప్‌లో మా పొలం వంతు చూసుకుంటున్నాడు. "మస్తు చేసింది పిల్ల. నువ్వు గూడ గసొంటిదేదన్న చెయ్యరాదురా?" అన్నాడు.

ఇంతకీ నా డీసెంట్రలైజ్డ్ ప్రశ్న సరైనదే కదా? అవునని ఒక్కరైనా కామెంట్ పెట్టండి, మా నాన్నకు చూపిస్తాను.