చివరి కుళాయి

మా బావకు ముందు పట్టింది పిచ్చా, ముందు వచ్చింది అనుమానమా? ఇన్నేళ్లు గడిచినా ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జీవితమంతా పుస్తకాలతో గడిపినవాణ్ణి. కొరుకుడు పడనివాటిని రెండోసారి కూడా చదివి లొంగదీశాను. మా బావ మాత్రం ఎన్నిసార్లు చదివినా లొంగలేదు.

ముందు పిచ్చి సంగతి చెబుతాను. ఇంటర్నెట్‌లో వచ్చే పాట కూడా నీళ్లలాగే గొట్టంలో వస్తుందని, దారిలో ఎక్కడో మురికి కలుస్తోందని, ఆ మురికి వదిలిస్తే పాట మీద ఉన్న ‘పొర’ ఊడిపోతుందని ఆయన నమ్మకం. ఉద్యోగమంతా నీటి సరఫరా శాఖలో చేశాడు. ఎవరింట్లో ధార సన్నబడినా సరే, ట్యాంకు దగ్గర బయలుదేరి ఒక్కో జాయింటూ తట్టుకుంటూ చివరి కుళాయి దాకా నడిచేవాడు. “సగం దారిలో ఆగి తప్పు దొరికిందనేవాడు పనివాడు కాదోయ్, జాతకాలు చెప్పుకునేవాడు” అనేవాడు. రిటైరయ్యాక నడవడానికి గొట్టాలు లేకుండా పోయాయి. అందుకని ఇంట్లో నెట్ తీగ వెంట నడవడం మొదలుపెట్టాడు.

మొదట స్విచ్ మీద పడ్డాడు. నెట్‌ను నాలుగు తీగలకు పంచే చిన్న ప్లాస్టిక్ డబ్బా అది. దాని స్థానంలో ఇటుకంత బరువున్న వెండిరంగు డబ్బా తెచ్చాడు. ఆ డబ్బాకు మంచి కరెంటు తాగించాలని ఇంకో డబ్బా వచ్చింది. రెండిటి మధ్యకి బొటనవేలంత లావు తీగ వచ్చింది. ఆ తీగ నేలకు తగలకూడదని అడుగడుక్కీ చిన్న చిన్న చెక్క స్టాండ్లు వచ్చాయి.

“నేలకు తగిలితే ఏమవుతుందండీ?” అని మా అక్క అడిగింది.

“నేలలో అదురుంటుందోయ్.”

“నేల అదిరితే మనం బయటికి పరిగెత్తాలి గానీ, తీగను ఎత్తుకుని ముద్దు చేస్తామా? పైగా అంత మంచి తీగ నా మెళ్లో వేసినా అందంగా ఉండేది.”

మా బావ ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేశాడు.

కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా పరీక్ష ఉండేది. పక్క వీధిలో పుస్తకం పట్టుకుని నా మానాన నేను కూర్చుంటే ఫోను మోగేది. “బామ్మర్దీ, పుస్తకం మూసి చెవులు తెరువు, వచ్చెయ్.” వెళ్లేసరికి కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఫ్రిజ్ కూడా ఆపేసి ఉండేవాడు. ఫ్రిజ్ మోటారు కరెంటును మురికి చేస్తుందట. పరీక్ష అయ్యాక దాన్ని మళ్లీ వెయ్యడం మర్చిపోయేవాడు. పాట మీద పొర పోయిందో లేదో దేవుడికి తెలియాలి, ఆ ఇంట్లో పాలు మాత్రం విరిగేవి.

పరీక్షకు ఎప్పుడూ ఒకటే పాట. అందులో రెండో చరణం దగ్గర ఎక్కడో దూరంగా, సన్నగా గజ్జెల చప్పుడు వస్తుంది. పాత డబ్బాతో ఒకసారి, కొత్త డబ్బాతో ఒకసారి వినిపించేవాడు.

“ఒకటా, రెండా?”

“రెండు, బావా.”

“రెండులో ఏమైంది?”

“పొర పోయింది.”

“శభాష్!”

ఇన్ని పొరలు పోయాక అసలు పాట మిగులుతుందా అని నాకు అనుమానంగా ఉండేది. ఉల్లిపాయకైనా పొరలకు ఒక అంతుంటుంది. కానీ ఆయన మొహంలో వెలుగు చూశాక ‘ఒకటి’ అని చెప్పడానికి నోరు రాదు. ఒకసారి నేను అలవాటు ప్రకారం పొర పోయిందన్నాక, వంగి చూస్తే కొత్త డబ్బాకు తీగే తగిలించలేదు. రెండుసార్లూ పాడింది పాత ప్లాస్టిక్ డబ్బాయే. నేను సిగ్గుతో చచ్చిపోయాను. మా బావ మాత్రం పగలబడి నవ్వి, “నీది చాలా మంచి చెవోయ్ బామ్మర్దీ. ఎదుటివాడికి ఏం కావాలో అదే వింటుంది” అన్నాడు.

మా అక్క చెవి అలాంటిది కాదు. ఆమె సంగీతం టీచరు. ఆస్తులన్నీ ఒక ఎత్తు, ఆ చెవి ఒక్కటీ ఒక ఎత్తు. పక్కింట్లో గిన్నె కింద పడితే ఏ స్వరంలో పడిందో చెప్పేది. ఆ స్వరం కూడా సరిగ్గా పడలేదని వంక పెట్టేది. పరీక్షల్లో ఆమెది ఎప్పుడూ ఒకటే తీర్పు: “రెండూ ఒకటే. మీ డబ్బా దండగ.” మా బావ ఆ తీర్పు విని, ఏదో బహుమతి వచ్చినట్టు మురిసిపోయేవాడు.

ఒకరోజు తీర్పు మారింది. పాట అయిపోగానే అక్క మొహం చిట్లించింది.

“గజ్జెలేవండీ? రెండో చరణం దగ్గర గజ్జెలుండాలి. మీ డబ్బా మింగేసింది.”

గజ్జెలు నాకు శుభ్రంగా వినిపించాయి. అదే చెప్పబోయి నోరు తెరిచానో లేదో, మా బావ నా కాలు తొక్కాడు. మామూలు తొక్కుడు కాదు, వాల్వు బిగించినట్టు తొక్కాడు.

“నిజమేనోయ్, మింగేసింది. స్విచ్‌దే తప్పు, మార్చేస్తాను” అన్నాడు.

స్విచ్ మార్చాడు, తీగ మార్చాడు, రూటరును గోడ ఎక్కించాడు. ప్రతిసారీ ఆఖరి ప్రశ్న ఒకటే: “గజ్జెలు వచ్చాయా?” ప్రతిసారీ జవాబూ ఒకటే: “రాలేదు.” ఆ మాటకు ఆయన తలవంచుకుని, అన్ని కొత్త డబ్బాల తప్పూ తన మీదే వేసుకునేవాడు.

అటు సాయంత్రం క్లాసులో ఇంకో గొడవ మొదలైంది. ఎదురింటి దర్జీగారి కోడలు అక్క దగ్గర పాట నేర్చుకుంటోంది. బంగారంలాంటి గొంతు. ఆ పిల్లను అక్క పాఠం మొదట్లోనే ఆపేసేది.

“అరిగమ ఏంటే? అరిగిపోయిన గమకమా? సరిగమ అను.”

“సరిగమ అనే అంటున్నాను టీచర్.”

“మళ్లీ అరిగమ! నీ ‘స’ ఏ కాకెత్తుకుపోయింది?”

‘స’ ఎక్కడికీ పోలేదు. గజ్జెలు పోయిన దారినే అక్క చెవి దాటి పోయింది. వినికిడి తగ్గేటప్పుడు సన్నటి చప్పుళ్లు ముందు పోతాయట. గదిలో ఉన్న అందరికీ ఈ సంగతి తెలుసు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. చెవుల డాక్టరు మాట మా బావ ఒకసారి ఎత్తితే, “నా చెవికి వంక పెడతారా?” అని అక్క ఆ పూట అన్నం మానేసింది. నేను ఇంకోసారి ఏదో సందర్భంలో ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అనబోయి, ‘చెవిటి’ దగ్గర నాలుక్కరుచుకుని, “చె... చెరుకు ముందు శంఖం ఊదినట్టు” అనేశాను. “అదేం సామెతరా తమ్ముడూ? అన్ని పుస్తకాలు చదివి నీకు మతి పోతోంది” అని అక్క జాలిపడింది.

చివరికి ఒక సాయంత్రం కోడలు పిల్ల కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అక్క హార్మోనియం మూసేసింది.

“ఒకటో తారీఖు నుంచి క్లాసు ఎత్తేస్తున్నాను. ఈ కాలం వాళ్లకు నోరు తిరగదు. నాకా ఓపిక లేదు.”

ఆ ఇంట్లో క్లాసు లేకపోతే అక్క ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నీళ్లు రాని కుళాయి అవుతుంది. మా బావ తీగల వైపు తిరిగాడు.

“ఒకటో తారీఖు దాకా ఆగవోయ్. లైను ఇంకా మొత్తం చూడలేదు” అన్నాడు.

మర్నాడు మా ఇద్దర్నీ ‘స్పీకర్ల షాపు’కు తీసుకెళ్లాడు. గది కొలతలు తీసుకోవాలన్నాడు. గదిలో కూర్చునే మనిషి కూడా గదిలో భాగమే కాబట్టి మనిషి కొలతా తీసుకోవాలన్నాడు. అక్కను అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు.

బయటికి వచ్చాక అక్క అడిగింది. “షాపతను తెల్లకోటు వేసుకున్నాడేంటండీ?”

“దుమ్ము పడకుండా. మన బాధంతా దుమ్ముతోనే కదోయ్.”

వారం తిరిగేసరికి మళ్లీ ఫోను. “బామ్మర్దీ, ఆఖరి పరీక్ష.” వెళ్లేసరికి కిటికీలు మూసి ఉన్నాయి, ఫ్రిజ్ ఆగిపోయి ఉంది. మా బావ గది మధ్యలో నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

“రూటరు బాగుంది. స్విచ్ బాగుంది. తీగ బాగుంది. స్పీకర్లు బాగున్నాయి. కానీ స్పీకరు దగ్గర్నుంచి మనిషి దాకా ఏముంది? ఉత్త గాలి! గాలంత మురికి గొట్టం ఇంకెక్కడైనా ఉందా?”

“అయితే గాలి తీసేస్తారా ఏంటి? మమ్మల్ని ఊపిరి పీల్చుకోనిస్తారా?” అంది అక్క.

“చివరి కుళాయి బిగిస్తానోయ్, అంతే.”

జేబులోంచి చిన్న పెట్టె తీశాడు. అందులో చిక్కుడు గింజల్లాంటివి ఉన్నాయి. ముందు తను ఒక జత పెట్టుకున్నాడు. నా చెవుల్లో ఒక జత పెట్టాడు. ఆ తర్వాతే, ఏదో మాటవరసకన్నట్టు, అక్కకు ఒక జత ఇచ్చాడు. మా ఇద్దరివీ లోపల ఏమీ లేని డొల్లలని తర్వాత తెలిసింది. నాకైతే చెవుల్లో గుడ్డలు కుక్కినట్టుంది. అయినా అలవాటు కొద్దీ, పాట మొదలుకాకముందే “పొర పోయింది బావా” అనేశాను.

పాట మొదలైంది. మొదటి చరణం అయింది. మా బావ పాట వినడం లేదు, అక్క మొహం వింటున్నాడు. రెండో చరణం వచ్చింది. తాళం వేస్తున్న అక్క చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఎవరూ అడగలేదు.

“గజ్జెలు” అంది అక్క.

మా బావ కుర్చీలో కూలబడ్డాడు. మూడు వీధుల అవతల లీకు పట్టుకున్న రోజు కూడా ఆయన అంత గర్వంగా కూర్చుని ఉండడు.

అక్క అక్కడితో ఆగలేదు. “మీ చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయేంటండీ? ఇన్నాళ్లూ ఇల్లంతా ఈడ్చుకుంటూ తిరిగారా?” అంది. ఆ వెంటనే, “ముందు ఆ ఫ్రిజ్ వెయ్యండి. అది మొరగకపోతే నాకు తెలుస్తోంది, లోపల పాలున్నాయి” అంది. ఆ ఇంటి చరిత్రలో పరీక్ష జరిగి కూడా పాలు విరగని రోజు అదే.

ఇంతలో దర్జీగారి కోడలు వచ్చింది. క్లాసు ఇదే ఆఖరిదేమోనని భయం భయంగా కూర్చుని పాఠం ఎత్తుకుంది.

“స...”

“ఆగు. మళ్లీ అను.”

పిల్ల బిక్కచచ్చిపోయి అంది. “స...”

“ఇంకోసారి.”

“స... తప్పా టీచర్?”

“తప్పు కాదే. ఊరికే, బాగుందని అనిపిస్తున్నా. పాడు. రేపూ రా, ఒకటో తారీఖూ రా. అరిగింది నీ ‘స’ కాదులే.”

అక్క టీ పెట్టడానికి లోపలికి వెళితే నేనూ వెనకే వెళ్లాను. మనసులో ఎక్కడో ముల్లు గుచ్చుకుంటోంది. అంత తెలివైన మనిషి చెవిలో ఇంత పెద్ద పువ్వు పెట్టామే అని. అక్క పొయ్యి వెలిగిస్తూ, నా వైపు చూడకుండానే అంది.

“ఒరే తమ్ముడూ, ఆ షాపు గోడ మీద ఇంతెత్తు చెవి బొమ్మ ఉంది చూశావా?”

నేను కప్పులు వెతకడంలో పడ్డాను.

“స్పీకర్ల కొట్లో చెవి బొమ్మ ఎందుకుంటుందిరా? నొక్కేది మీట కాదు, నా పీక అని నాకు మొదటి నొక్కులోనే తెలిసింది.”

“మరి అప్పుడే అనలేదేం అక్కా?”

“ఆయన మొహం చూశావా? ఇన్ని డబ్బాలు, ఇన్ని తీగలు, అన్ని తప్పులూ నెత్తిన వేసుకుని, నా చెవి దగ్గరికి రావడానికి ఆ మనిషి ఎంత చుట్టుతిరిగి వచ్చాడురా! అంత కష్టపడి ఆడిన అబద్ధాన్ని పాడు చెయ్యబుద్ధి కాలేదు. నువ్వు చెప్పావంటే మాత్రం కాళ్లు విరగ్గొడతా.” ఆ మాట అని, ఎసట్లో టీపొడి వేసి, ఒక్క క్షణం చెవి ఒగ్గి వింది. “చూడు, మరిగేటప్పుడు ఇది కూడా ‘స’ అంటుంది.”

ఎవరు ఎవరి చెవిలో పువ్వు పెట్టారో లెక్క తేలక, నా చెవుల్లోని డొల్లలు తీసి జేబులో వేసుకున్నాను.

ముందు గదిలో కోడలు పిల్ల మా బావతో కబుర్లు చెబుతోంది. “మా మామయ్యగారూ అంతేనండీ, టీవీ సౌండు పెంచుతూనే ఉంటారు. టీవీ పాడైపోయింది, మాటలు నమిలేస్తోందంటారు. కొత్తది కొనమని ఒకటే పోరు. డాక్టరు మాట ఎత్తితే కత్తెర తీస్తారు.”

“టీవీ తప్పేనమ్మా. లైన్లో మురికుంటుంది” అన్నాడు మా బావ, చాలా గంభీరంగా.

మేము టీ కప్పులతో వచ్చేసరికి పిల్ల పాడుకుంటోంది. మా బావ కుర్చీ ఖాళీ. గుమ్మం దగ్గర బయటి చెప్పులు లేవు. వెండిరంగు డబ్బా ఉండాల్సిన చోట నలుచదరంగా దుమ్ము లేని గుర్తు మాత్రం ఉంది.

చిత్రమేమిటంటే, డబ్బా పోయినా స్పీకర్లలో పాట సన్నగా మోగుతూనే ఉంది. వంగి చూశాను. కర్టెను వెనకాల, దుమ్ము కొట్టుకుపోయి, పాత ప్లాస్టిక్ డబ్బా పచ్చదీపాలు మిటకరిస్తోంది. ఎన్నాళ్ల నుంచి అదే పాడుతోందో!

“ఏరీ మీ బావ?” అంది అక్క. అడిగిన మరుక్షణమే కిటికీ వైపు తల తిప్పింది. “ఆగు, చెప్పుల చప్పుడు వినపడుతోంది.”

చూస్తే రోడ్డు దాటుతున్నాడు. చంకలో ఇటుకలాంటి డబ్బా, భుజాన లావుపాటి తీగ. దర్జీగారి గుమ్మం ముందు ఆగి, కరెంటు స్తంభం దగ్గర్నుంచి గోడ మీదుగా లోపలికి వెళ్లే తీగను తలెత్తి చూసుకుంటూ, మొదటి జాయింటు మీద వేలితో ఒకసారి తట్టాడు.