ఇరవై అంగుళాల బల్ల

కాలేజీలో అందరూ నా స్నేహితురాలిని బుడ్డి అనేవాళ్లు, నన్ను నిచ్చెన అనేవాళ్లు. హాజరు పట్టీలో మా నంబర్లు పక్కపక్కనే ఉండటంతో ఫిజియాలజీ ల్యాబులో మేమిద్దరం ఒక జట్టయ్యాం. తలుపు దగ్గర నేను తల వంచుకుని లోపలికి వెళ్లేలోపే అది నా మోచేతి కిందనుంచి దూరి మంచి స్టెతస్కోపు పట్టేసేది. చెవుల దగ్గర రబ్బరు ఊడిపోని స్టెతస్కోపులు ఆ ల్యాబు మొత్తానికి రెండే ఉండేవి మరి.

రెండో ఏడాది మొదట్లో దమ్ము పరీక్ష అని ఒక ప్రయోగం వచ్చింది. ల్యాబు మధ్యలో ఇరవై అంగుళాల ఎత్తు చెక్కబల్ల ఒకటి వేస్తారు. మెట్రోనోమ్ అనే తాళం యంత్రం టక్కుటక్కుమని కొడుతుంటే దానికి తగ్గట్టు నిమిషానికి ముప్ఫైసార్లు బల్ల ఎక్కి దిగాలి. అలా ఐదు నిమిషాలు, లేదా కాళ్లు చేతులెత్తేసేదాకా. ఆపగానే కూర్చోబెట్టి నాడి లెక్కపెడతారు. ఎంతసేపు ఎక్కారో, తర్వాత నాడి ఎంత వేగంగా కొట్టుకుందో చూసి లెక్కగడితే ఒక అంకె వస్తుంది. తొంభై దాటితే భేష్, యాభై అయిదు లోపైతే నాసి.

నాకు ఎనభై నాలుగు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కరోజు కూడా వ్యాయామం చేసిన పాపాన పోలేదు నేను. బుడ్డి రెండు నిమిషాల పది సెకన్లకే ఆగిపోయింది. దానికి వచ్చింది ముప్ఫై రెండు.

మా మేడమ్ చెడ్డమనిషేం కాదు. పాఠం చెబితే మళ్లీ పుస్తకం తెరవక్కర్లేదు. కానీ ఆ రోజు అందరి అంకెలూ బోర్డు మీద వరసగా రాస్తూ, ముప్ఫై రెండు దగ్గర చాక్‌పీసు ఆపి, "ఇదేంటమ్మా, మా అమ్మగారికి వచ్చే అంకెలా ఉందే" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకూడదని తట్టేసరికే నవ్వేశాను.

అంతకంటే ఘోరం రికార్డు రాయడం. ఎవరి ఫలితం వాళ్లే రాసుకోవాలి. "పరీక్షకు నిలిచిన వ్యక్తి శారీరక దారుఢ్యం నాసిగా ఉన్నది. సదరు వ్యక్తి క్రమం తప్పక వ్యాయామం చేయవలెను." బుడ్డి ఆ రెండు వాక్యాలూ మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేసి, పెన్ను విసిరి పడేసింది.

"సదరు వ్యక్తి ఏంటే? నేనే కదా. నన్ను నేనే ఎవరో దారినపోయే మనిషిలా తిట్టుకోవాలా?"

మర్నాటినుంచి పరుగు మొదలుపెట్టింది. స్టేడియం వెనక ఒక మట్టి ట్రాకు ఉంది. తెల్లవారగానే వాళ్లన్నయ్య పాత బూట్లలో రెండు జతల మేజోళ్లు తొడుక్కుని వెళ్లేది. వాళ్లది రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సగం వాళ్లమ్మ కుట్టుమిషనుదే. మొదటిరోజు అన్నయ్య గుమ్మంలో నిలబడి, "వీధికుక్కలకి ఒక మాట చెప్పి వెళ్లవే, పాపం కంగారుపడతాయి" అన్నాడట. వాళ్లమ్మ నోట్లో దారప్పోగు పెట్టుకునే, "దాని జోలికి వెళ్లావంటే ఊరుకోను" అని గదమాయించిందట.

పరిగెత్తి ఇంటికి రాగానే నాకు ఫోను చేసి గోల పెట్టేది. డొక్కలో పట్టేసిందనీ, బొటనవేలి గోరు నల్లబడిందనీ, డెబ్భై ఏళ్ల పెద్దాయన ఒకాయన తనని రోజూ దాటుకుపోతున్నాడనీ. రెండు వారాలకి బరువు చూసుకుంటే అరకిలో పెరిగింది. "దమ్ము మాట దేవుడెరుగు, ఆకలి మాత్రం బ్రహ్మాండంగా పెరిగిందే" అంది. నవ్వుతూ కాదు, ఒళ్లు మండిపోతూ.

నాకు మాత్రం తేడా తెలిసింది. మా ల్యాబు నాలుగో అంతస్తులో ఉండేది. మునుపు రెండో అంతస్తులో ఆగి, నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించేది. ఇప్పుడు నాకంటే ముందెక్కి, పైన బ్యాగు ఊపుకుంటూ నిలబడుతోంది. ఆ మాటంటే, "మెట్ల సంగతి ఎవరికి కావాలే? నాకు అంకె కావాలి" అని కసిరింది.

మూడు నెలలు గడిచాయి. ల్యాబు అటెండరుని మేమంతా బాబాయ్ అనేవాళ్లం. ఆయన్ని బతిమాలి, మధ్యాహ్నం భోజనాల వేళ ల్యాబు తెరిపించుకుంది. నేను వాచీ పట్టుకుని నిలబడ్డాను. బుడ్డి పళ్లబిగువున మూడు నిమిషాల అయిదు సెకన్లు ఎక్కి దిగింది. నాడి పట్టుకుని నేనే లెక్కపెట్టాను, లెక్కా నేనే కట్టాను. యాభై.

"మళ్లీ కట్టు" అంది.

మళ్లీ కట్టినా యాభయ్యే. ఇంకా నాసి గీత కిందే. అది సింకు పక్కన నేల మీద చతికిలబడి, మోకాళ్ల మధ్య తల పెట్టుకుంది. "మూడు నెలలు పరిగెత్తానే. వానలో కూడా వెళ్లానే" అంది. నాకు ఊరికే వచ్చిన ఎనభై నాలుగు గుర్తొచ్చి, లెక్క కట్టిన కాగితం మడిచేశాను.

అంతసేపూ కిటికీ దగ్గర పరీక్షనాళికలు కడుగుతున్న బాబాయ్ వెనక్కి తిరక్కుండానే అన్నాడు. "నువ్వు బల్ల ఎక్కట్లేదమ్మాయ్. ఎగురుతున్నావు. ఆ పొడుగమ్మాయి ఇంట్లో గడప దాటినట్టు దాటేసింది."

బుడ్డి తలెత్తింది. దాని బ్యాగులో ఎప్పుడూ వాళ్లమ్మ కొలతల టేపు ఉండేది. తీసి ముందు నా మోకాలు కొలిచింది, తర్వాత తనది. నాది నేలనుంచి ఇరవై ఒకటిన్నర అంగుళాలు. దానిది పదహారున్నర. బల్లేమో ఇరవై. అంటే దాని మోకాలికంటే బల్లే పైన ఉంది. అప్పుడు ల్యాబు మాన్యువల్ తెరిచాం. పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక లైను ఉంది: పొట్టివారికి పదహారు అంగుళాల బల్ల వాడవలెను.

అదే ఊపులో స్టాఫ్‌రూముకి వెళ్లాం. మేడమ్ పేపర్లు దిద్దుతున్నారు. బుడ్డి మాన్యువల్ తెరిచి ముందు పెట్టింది.

"మేడమ్, ఇక్కడ కింద ఒక లైను ఉంది."

"తెలుసమ్మా. మన దగ్గర ఉన్నది ఒక్కటే బల్ల."

"మరైతే నా ఫలితం తప్పు కదా మేడమ్."

"ఇన్నేళ్లనుంచి అందరూ దానిమీదే చేశారు. పొట్టిగా ఉన్నది నువ్వొక్కదానివేనా?"

"అయితే వాళ్లవీ తప్పే మేడమ్."

మేడమ్ పెన్ను మూత పెట్టారు. "చూడమ్మా, పరుగు మొదలుపెట్టావని విన్నాను, సంతోషం. కానీ అంకె రాలేదని వస్తువుల మీద నెపం పెట్టకు. ఎదగాలనుకునేవాళ్లు ముందు తమలో లోపం చూసుకుంటారు."

బయటికొచ్చాక బుడ్డి వరండా స్తంభానికి ఆనుకుని మాన్యువల్ మూసేసింది. తర్వాత, "ఎదగమంటున్నారే. ఎటు ఎదగాలి? పైకా?" అంది. నాకు నవ్వొచ్చింది గానీ ఈసారి దిగమింగుకున్నాను.

వాళ్ల మావయ్య వడ్రంగి. ఆ ఆదివారం నన్నూ వెంటబెట్టుకుని ఆయన దుకాణానికి వెళ్లింది. కాళ్లకింద రంపపు పొట్టు మెత్తగా దిగబడుతోంది. మావయ్య చెవి మీది పెన్సిలు తీసి అడిగాడు.

"ఇంతకీ దేనికమ్మా ఈ బల్ల?"

"ఎక్కడానికి మావయ్యా."

"ఎక్కి ఏం అందుకుంటావు?"

"ఏమీ లేదు. మళ్లీ దిగుతాను."

ఆయన కాసేపు ఆలోచించి, "చదువులు" అని నిట్టూర్చి, మూల పడివున్న పాత తలుపు చెక్క లాగాడు. సాయంత్రానికి బల్ల తయారైంది. పదహారు అంగుళాలు, వెంట్రుకవాసి తేడా లేకుండా. మర్నాడు దాన్ని బస్సులో ఎక్కించుకుని కాలేజీకి బయల్దేరాం. కండక్టరు సణుగుతూనే జరిగి చోటిచ్చాడు. సీటు దొరకని ముసలావిడ ఒకామె దానిమీద దర్జాగా కూర్చుంది. దిగేటప్పుడు బతిమాలి లేపాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం మళ్లీ పరీక్ష పెట్టుకున్నాం. బుడ్డి ఎక్కడం మొదలుపెట్టిన నిమిషానికి, మర్చిపోయిన కళ్లజోడు కోసం మేడమ్ లోపలికొచ్చారు. కొత్త బల్ల చూశారు, మమ్మల్ని చూశారు. తలుపు దగ్గరే నిలబడ్డారు. మూడు నిమిషాలు దాటాయి. బుడ్డి మొహం కందిపోయింది, జడ ఊడి భుజాల మీద పడింది. నాలుగు దాటాయి. నాలుగు నిమిషాల పది సెకన్లకి కాలు తడబడి ఆగిపోయింది. నేను నాడి కోసం చెయ్యి చాపేలోపు మేడమే వచ్చి దాని మణికట్టు పట్టుకున్నారు. పెదాలు కదిపి లెక్కపెట్టారు. కాగితం మీద తనే లెక్క కట్టి, ఒకసారి సరిచూసుకున్నారు.

"అరవై మూడు" అన్నారు. "నాసి కాదు."

"సగటు కూడా కాదు కదా మేడమ్" అంది బుడ్డి, రొప్పుతూనే.

"సగటుకి కాస్త తక్కువ."

"రికార్డులో దిద్దుతారా?"

"మార్కులు ఎప్పుడో పంపేశానమ్మా. ఇంక మారవు." మేడమ్ కిటికీలో ఉన్న కళ్లజోడు అందుకుని తుడుచుకున్నారు. "ఈ బల్ల ఇక్కడ ఉంచుతావా?"

"ఉంచుతాను. కానీ అంకెలు బోర్డు మీద రాయకండి మేడమ్."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని వెళ్లిపోయారు. జూనియర్లు చెప్పారు తర్వాత: బల్ల వాడుతున్నారట, అంకెలు బోర్డు మీదే రాస్తున్నారట, పక్కన ఎవరు ఏ బల్ల ఎక్కారో కూడా రాస్తున్నారట. గెలిచామో ఓడామో ఇప్పటికీ నాకు తెలీదు.

ఆ రోజు బస్‌స్టాపులో బుడ్డి సంతోషంగా ఉంటుందనుకున్నాను. అది రాయిని కాలితో నెడుతూ నిలబడింది. "తప్పంతా బల్లదే అయినా బాగుండేది. అంతా నాదే అయినా బాగుండేది. చెరిసగం అయితే ఎవర్ని తిట్టుకోవాలే?" అంది. అంతలో బస్సొచ్చింది.

మరుసటి వారం ఒక ఉదయం నేనూ ట్రాకుకి వెళ్లాను. నా ఎనభై నాలుగు ఎంత నిజమో చూద్దామనుకున్నాను. ఒకటిన్నర చుట్టుకే ఊపిరి అందక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాను. బుడ్డి ఆగలేదు. చిన్న చిన్న అంగలతో, భుజాలు బిగించుకుని, ఎవరిమీదో కోపం ఉన్నట్టే నాలుగు చుట్లు పూర్తిచేసి వచ్చి నా పక్కన కూలబడింది. బూటు విప్పి మేజోడులోంచి ఇసుక దులిపింది.

"నాకు పరుగంటే అసహ్యమే" అంది. "మూడు నెలలనుంచీ ఏ ఒక్కరోజూ నచ్చలేదు."

"అయితే మానెయ్."

అది నావంక చిరాగ్గా చూసి, రెండో బూటు కూడా విప్పింది. "రేపు ఆరింటికల్లా రా. నువ్వు ఆలస్యమైతే నేను ఆగను."