వెలుగులో పోయిన గొడుగు

2023 వానాకాలం. వనపర్తిలో మా టాకీసుకు ఒక హత్య సినిమా వచ్చింది. అప్పటికి నేను ప్రొజెక్టర్ గదిలో పనికి చేరి పన్నెండేళ్లు. నేను బడికి పోలేదు. అక్షరాలు, లెక్కలు, ఈ పని, మూడూ కూతురినైన నాకు నాన్నే నేర్పాడు. ఆయనా ఆపరేటరే. రోజూ మొదటి ఆటకు ముందు, ఈ పూట కూడా చేతికి పని ఇచ్చినందుకు దేవుణ్ని తలచుకుని మిషను మీట నొక్కుతాను.

ఇప్పుడు రీళ్లు లేవు. సినిమా మొత్తం సర్వర్ అనే పెట్టెలోకి ఎక్కుతుంది. ఏ నిమిషంలో ఏం జరగాలో దానికి ముందే చెప్పి పెడతాం. దాన్ని క్యూ అంటాం. ఇంటర్వెల్‌కు ఒక క్యూ, చివర హాల్లో లైట్లు వెలగడానికి ఒక క్యూ.

ఆ సినిమాలో ఒక పోలీసు అధికారి ఎర్ర పిడి ఉన్న నల్ల గొడుగు కోసం ఊరంతా గాలిస్తాడు. హంతకుడి ఆనవాలు అదొక్కటే. జనం రెండు గంటలు ఊపిరి బిగబట్టి చూస్తారు. చివరికి అధికారి ఇంటికొచ్చి కూర్చుంటాడు, తల్లి అన్నం పెడుతుంది, ఇంకొంచెం పెరుగు వెయ్యమంటాడు. అంతే. బేడీలు లేవు, హంతకుడూ లేడు.

మొదటి మ్యాట్నీకే గొడవ మొదలైంది. తిమ్మాజిపేట నుంచి వచ్చిన ఒకాయన గేటు దగ్గర నిలబడి, "పెరుగన్నం తినుడు చూసేటందుకా నేను బస్సెక్కి వచ్చింది? ఆఖరి ముక్క ఎవరు కోసిన్రు?" అని నిలదీశాడు. మూడో రోజుకు అందరి నోటా అదే మాట. సేటు, అంటే మా టాకీసు యజమాని, నన్ను పిలిచి అడిగాడు. ఒక్క క్షణం కూడా కోయలేదని దేవుడి మీద ఒట్టేశాను. సినిమా కంపెనీ పంపిన నిడివి, మేము ఆడించిన నిడివి పక్కపక్కన చూపించాను. సరిపోయాయి.

"మరి జనం ఊకెనే ఒర్లుతున్నరా?" అన్నాడు సేటు.

తప్పు ఎవరో ఒకరి మీద పడాలి. గేటు దగ్గరుండే నర్సింలు కాక మీద పడింది. ఆట పూర్తి కాకముందే తలుపులు తీసి జనాన్ని వెళ్లగొడుతున్నాడని, రేపటి నుంచి రావద్దని సేటు చెప్పేశాడు. ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఆ తలుపు దగ్గర నిలబడ్డ మనిషి. పెద్దమందడిలో ఉండే ఆయన భార్యకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈ పని పోతే ఆమెను దవాఖానకు తిప్పే దారే లేదు. అయినా కాక ఎదురు చెప్పలేదు. టార్చిలైటు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు మ్యాట్నీ చివరి పావుగంటకు కిందికి దిగి హాల్లో కూర్చున్నాను. ఏ సినిమా ముగింపూ నేను హాల్లోంచి చూసింది లేదు. ఆ సమయానికి పై గదిలో, తెర కనిపించే అద్దానికి వీపు పెట్టి తర్వాతి ఆట సర్దుకుంటూ ఉంటాను. తెర మీద తల్లి కంచం పెట్టింది. అప్పుడే హాల్లో లైట్లు వెలిగాయి. బొమ్మ సగం వెలిసిపోయింది, జనం లేచారు. గేటు దగ్గర కాక లేడు, తలుపులింకా మూసే ఉన్నాయి. అందుకేనేమో, తల్లి వెనక గోడకు ఏదో వేలాడుతున్నట్టు లీలగా కనిపించింది.

హాలు ఖాళీ అయ్యాక లైట్లన్నీ ఆర్పి ఆ చివరి నాలుగు నిమిషాలు మళ్లీ ఆడించుకున్నాను.

తల్లి భుజం వెనక, మేకుకు గొడుగు. ఎర్ర పిడి. అధికారి కళ్లు ఒక్కసారి పైకి లేచాయి. గొడుగును చూశాడో, తల్లిని చూశాడో. తల వంచుకుని పెరుగు అడిగాడు.

అక్కడే బొమ్మ ఆపేశాను. తల్లే హంతకురాలని కాదు. ఆ మాట సినిమా చెప్పనే లేదు. ఆ లైట్ల క్యూ పెట్టింది నేను. ముసలివాళ్లు మెట్ల మీద తడబడకుండా మూడు నిమిషాల ముందే లైట్లు వెయ్యాలన్నది నాన్న నేర్పిన పద్ధతి. ప్రతి సినిమాకూ కళ్లు మూసుకుని అలాగే పెట్టాను. నా లైట్లు చూసే కాక తలుపులు తీసేవాడు. బయటి వెలుతురు లోపలికొచ్చి మిగిలిన బొమ్మను కూడా తుడిచేసేది. కోయలేదని దేవుడి మీద ఒట్టేశాను. కోసింది నేనే. ఇన్నేళ్లలో ఇంకెన్ని ముగింపులు కోశానో!

సేటు ఇల్లు గద్వాలలో. ఫోనులో చెప్పే మాట కాదని బస్సెక్కి వెళ్లాను. "తప్పు నాది సేటూ. తీసేస్తే నన్ను తియ్యుండ్రి, కాకను గాదు" అన్నాను. ఆయన తానే వచ్చి చూస్తానన్నాడు. మర్నాడు వచ్చి, ఆఖరి పేరు పడేదాకా లైట్లు వెయ్యకుండా ఆడించమని, జనం మధ్య కూర్చున్నాడు. ఆట అయ్యాక ఎవరూ అరవలేదు. చప్పట్లూ లేవు. పేర్లు పోతున్నంతసేపూ మనుషులు కుర్చీల్లోంచి కదల్లేదు.

సేటు బయటికొచ్చి, "ఆ పోలీసాయన గొడుగు చూసిండంటవా?" అని అడిగాడు.

"తెల్వదు సేటూ."

"నర్సింలును రమ్మను" అన్నాడు. నా పని గురించి ఆ రోజు ఏమీ అనలేదు. ఇప్పటికీ అనలేదు.

కాక తిరిగొచ్చిన రోజు క్షమించమని చెప్పాను. అప్పుడే ఒక సంగతి తట్టింది. రోజుకు నాలుగు ఆటలూ తెరకు ఎదురుగా నిలబడేది ఆయన. లైట్లు ఎప్పుడు వెలుగుతున్నాయో ఆయనకు తెలియకుండా ఎట్లా ఉంటుంది?

"కాకా, గా లైట్ల తప్పు నాదని నీకు ముందే తెల్సా?"

కాక తలుపు గొళ్లెం అటూ ఇటూ ఆడించి చూశాడు. "గిది జర బిగుసుకున్నది బిడ్డా. మిషను నూనె ఉంటే రెండు సుక్కలు తే."

తెచ్చిచ్చాను. మళ్లీ అడగలేదు. ఎవరు చేశారో చెప్పని కథ సగం కథేనని అనుకునేదాన్ని. కాకకు తెలుసో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. తెలిసీ, నా పని పోకూడదని ఊరుకున్నాడేమో అని తట్టినప్పుడల్లా చేతులు వాటంతట అవే దణ్ణానికి జతకూడతాయి.